అన్‌సబ్‌స్క్రైబ్ నాలుగుసార్లు కొట్టాను, మెయిళ్లు ఆగడం లేదు. చట్టప్రకారం ఏం చేయొచ్చు?

తూనీగ77
రెండేళ్ల కిందట ఒక ఆన్‌లైన్ కంపెనీలో ఒకే ఒక్క వస్తువు కొన్నాను. ఆర్డరు వివరాల కోసం మెయిల్ ఐడీ అడిగితే ఇచ్చాను. అప్పటినుంచి వారానికి ఐదారు ప్రచార మెయిళ్లు వస్తున్నాయి. మొదటిసారి అన్‌సబ్‌స్క్రైబ్ కొడితే "మీ అభ్యర్థన అందింది" అన్నారు, పదిరోజులు ఆగి మళ్లీ మొదలుపెట్టారు. రెండోసారి నొక్కితే లాగిన్ అవ్వమన్నారు. పాస్‌వర్డ్ గుర్తులేదు, కొత్తది పెట్టుకుని లోపలికెళ్తే పద్నాలుగు గళ్లకి టిక్కులు పెట్టి ఉన్నాయి, ఒక్కోటి విడివిడిగా తీసేయాలి. అన్నీ తీశాను. నెల తిరక్కుండా పదిహేనో గడి వచ్చింది, దానికి టిక్కు వాళ్లే పెట్టేశారు. మూడు, నాలుగుసార్లు కూడా ఇదే కథ.

నాన్నగారు ఆసుపత్రిలో ఉన్నప్పుడు రిపోర్టు మెయిల్ కోసం రాత్రంతా ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చున్నాను. అది మోగినప్పుడల్లా గుండె ఆగినంత పనయ్యేది. చూస్తే వీళ్ల డిస్కౌంటు మెయిల్. ఆ రాత్రి తర్వాత దీన్ని చిన్న చికాకు అని వదిలేయబుద్ధి కావడం లేదు. స్పామ్‌లో పడేసి ఊరుకోమని మాత్రం చెప్పకండి. వద్దన్నాక పంపకూడదనే చట్టం ఉందా? ఉంటే నాలాంటి మామూలు మనిషి దాన్ని ఎలా వాడుకోవాలి?

పాతకాపు
వద్దన్నారు గానీ అదే చెప్తాను. ఫిల్టర్ పెట్టండి, ఆ అడ్రస్ నుంచి వచ్చేది నేరుగా చెత్తలోకి పోతుంది. రెండు నిమిషాల పని. చట్టం అంటూ తిరిగితే చెప్పులు అరగడమే.

కుందేలుచెవులు
పాతకాపు గారూ, ఆయన అడిగింది అది కాదు కదా. తలుపు దగ్గర నిలబడి అరిచేవాణ్ని ఏమీ అనకుండా మన చెవుల్లో దూది పెట్టుకోమంటే ఎలా?

నిద్రలేనివాడు
అసలు అన్‌సబ్‌స్క్రైబ్ నొక్కడమే తప్పు. నొక్కితే ఈ అడ్రసు వెనక మనిషి ఉన్నాడని వాళ్లకి తెలిసిపోతుంది. ఇంకా ఎక్కువ వస్తాయి. నేను ఎప్పుడూ నొక్కను.

సర్వర్‌గది
నిద్రలేనివాడు గారు చెప్పింది సగం నిజం. మెయిల్ సర్వర్లు చూసుకోవడం నా ఉద్యోగం, కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను.

రెండు రకాలవాళ్లు ఉంటారు. ఒకళ్లు ఊరూ పేరూ లేని మోసగాళ్లు. లాటరీలు, బ్యాంకు పేరుతో వచ్చే దొంగ లింకులు, మందులు. అందులో ఏదీ నొక్కకూడదు, తెరవకపోవడమే మంచిది, స్పామ్ అని రిపోర్టు చేసి వదిలేయాలి. రెండో రకం నిజమైన కంపెనీలు. పేరుంది, ఆఫీసుంది, వాళ్ల దగ్గర మనం కొన్నాం కూడా. తూనీగ గారి గొడవ ఈ రెండో రకంతో. ఇక్కడ అన్‌సబ్‌స్క్రైబ్ నొక్కాలి, తప్పకుండా నొక్కాలి, ఎందుకంటే మనం వద్దన్నామని అదే మొదటి సాక్ష్యం.

మెయిల్ కింద కనబడే లింకు కాకుండా, జీమెయిల్ లాంటి వాటిలో పైన పంపినవాళ్ల పేరు పక్కన ఒక అన్‌సబ్‌స్క్రైబ్ బటన్ వస్తుంది చూడండి. అది మెయిల్ హెడర్లో, అంటే మెయిల్ ఎక్కడినుంచి ఎలా వచ్చిందో రాసుండే మామూలుగా కనబడని భాగంలో, దాగి ఉండే వరస నుంచి వస్తుంది. ఒక్క నొక్కుతో పనయ్యే పద్ధతికి 2017లోనే ప్రమాణం రాశారు. రోజుకి 5000 మెయిళ్లకు మించి పంపేవాళ్లు ప్రచార మెయిళ్లలో అది పెట్టి తీరాలని, అడిగిన రెండు రోజుల్లో ఆపాలని జీమెయిల్, యాహూ 2024లో నిబంధన తెచ్చాయి. అది చట్టం కాదు, కానీ పాటించకపోతే వాళ్ల మెయిళ్లు జనం ఇన్‌బాక్సుల దాకా రావు. కంపెనీలకి కోర్టు కంటే ఆ భయమే ఎక్కువ.

నిద్రలేనివాడు
ఈ తేడా నాకు తెలీదు. అయితే పై బటన్ నొక్కొచ్చన్నమాట.

సర్వర్‌గది
నొక్కొచ్చు. పేరు తెలిసిన కంపెనీ అయితేనే.

కోర్టుమెట్లు
తూనీగ గారూ, మీరు ఏ దేశంలో ఉన్నారు, ఆ కంపెనీ ఎక్కడిది? ఈ రెండూ తెలియకుండా "చట్టం ఉందా" అంటే ఎవరూ జవాబు చెప్పలేరు. ఈ విషయంలో చట్టాలకి ఒకదానికొకటి పొంతన లేదు.

తూనీగ77
యూరోపియన్ యూనియన్‌లో. కంపెనీది కూడా ఇక్కడే.

కోర్టుమెట్లు
అయితే మీ చేతిలో ఉన్నవి బలమైనవే. డేటా రక్షణ మీదే పనిచేస్తున్నాను, అయినా ఇది మీ కేసు మీద సలహా అనుకోకండి, చట్టం ఏమంటుందో చెప్తున్నాను, అంతే.

మీ దగ్గర రెండు చట్టాలున్నాయి. ఒకటి 2002 నాటి ఈ-ప్రైవసీ డైరెక్టివ్. అందులో 13వ అధికరణం ప్రకారం ముందుగా సమ్మతి లేకుండా ప్రచార మెయిల్ పంపకూడదు. అయితే మినహాయింపు ఒకటుంది. మీరు వాళ్ల దగ్గర ఏదైనా కొన్నప్పుడు మెయిల్ ఐడీ ఇచ్చి ఉంటే, అలాంటి వస్తువుల గురించి ఆ కంపెనీయే మీకు పంపొచ్చు. కానీ ఐడీ తీసుకున్నప్పుడే వద్దనే అవకాశం ఇచ్చి ఉండాలి, తర్వాత ప్రతి మెయిల్లోనూ ఇవ్వాలి. కాబట్టి మీకు మొదట వచ్చిన మెయిళ్లు చట్టబద్ధమే అయి ఉండొచ్చు. ఇది మీకు నచ్చదని తెలుసు.

రెండోది జీడీపీఆర్, అంటే యూరోపియన్ యూనియన్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం, 2018 మే 25 నుంచి అమల్లో ఉంది. అందులో 21వ అధికరణం చూడండి. మామూలుగా కంపెనీలు "మాకూ న్యాయమైన అవసరం ఉంది" అని వాదించుకోవచ్చు. ప్రచారం విషయంలో ఆ వాదనే లేదు. మీరు అభ్యంతరం చెప్తే ఆపాలి. కారణం చెప్పక్కర్లేదు, తూకం వేయడం ఉండదు, మళ్లీ ఆలోచిస్తాం అనడానికి వీల్లేదు. ఆ చట్టంలో ఇంత తెగేసి చెప్పిన హక్కులు చాలా తక్కువ.

అంటే మీ కేసంతా ఒక తేదీ మీద నిలబడుతుంది. మీరు "వద్దు" అన్న తేదీ. అంతకు ముందు వచ్చినవాటి గురించి వాదించుకోవచ్చు, తర్వాత వచ్చినవాటికి వాళ్ల దగ్గర జవాబు లేదు. ఆ తేదీ మీ దగ్గర రాతపూర్వకంగా ఉందా?

తూనీగ77
మొదటిసారి వచ్చిన "అభ్యర్థన అందింది" మెయిల్ ఉంది. మిగతా మూడింటికీ ఏమీ లేదు, వెబ్ పేజీలో నొక్కి బయటికి వచ్చేశాను.

చిక్కుముడి
ఆ ఒక్కటీ చాలు, పోగొట్టుకోకండి. నేను అదే పొరపాటు చేశాను. ఏడాదిపాటు ఒక కంపెనీ మెయిళ్లు కోపంతో ఎప్పటికప్పుడు డిలీట్ చేశాను. చివరికి ఫిర్యాదు చేద్దామని కూర్చుంటే చూపించడానికి ఒక్కటీ మిగల్లేదు. కోపం వచ్చినా సరే దాచండి.

వేపచెట్టు
మేం అమెరికాలో ఉంటాం. ఇక్కడ అలా ముందు సమ్మతి ఏమీ అక్కర్లేదనుకుంటా? నాకైతే ఎప్పుడూ పేరు వినని వాళ్ల నుంచి కూడా వస్తాయి.

కోర్టుమెట్లు
అక్కర్లేదు. అక్కడి క్యాన్-స్పామ్ చట్టం 2004 జనవరి 1న అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం ముందు పంపొచ్చు, వద్దంటే ఆపాలి. అబద్ధపు పేరుతో పంపకూడదు, సబ్జెక్టు లైనులో మోసం ఉండకూడదు, నిజమైన పోస్టల్ అడ్రసు ఇవ్వాలి. వద్దన్నాక 10 పనిదినాల్లో ఆపాలి. వద్దన్నవాళ్ల అడ్రసు వేరొకరికి అమ్మకూడదు. ఇంకో మంచి నిబంధన ఏంటంటే, ఆపించుకోవడానికి డబ్బు అడగకూడదు, మెయిల్ ఐడీ తప్ప వేరే వివరం అడగకూడదు, ఒక జవాబు మెయిల్ లేదా ఒకే ఒక్క వెబ్ పేజీతో పని అయిపోవాలి. తూనీగ గారికి ఎదురైన లాగిన్ వ్యవహారం అక్కడైతే నేరుగా ఉల్లంఘనే.

వేపచెట్టు
అయితే నేనూ కేసు వేయొచ్చా?

కోర్టుమెట్లు
ఆ చట్టం కింద వేయలేరు, దాని పెద్ద లోపం అదే. ఫెడరల్ ట్రేడ్ కమిషన్ (ఎఫ్‌టీసీ) వేయొచ్చు, రాష్ట్రాల అటార్నీ జనరళ్లు వేయొచ్చు, నష్టపోయిన ఇంటర్నెట్ సర్వీసు కంపెనీలు వేయొచ్చు. మెయిల్ అందుకున్న మామూలు మనిషికి ఆ దారి లేదు. జరిమానా మాటకొస్తే ఒక్కో మెయిలుకి 50 వేల డాలర్లు దాటుతుంది, అదీ ప్రభుత్వానికే.

అయితే మోసపు సబ్జెక్టు, దొంగ పేరు లాంటివాటి మీద రాష్ట్రాల చట్టాలని ఫెడరల్ చట్టం పూర్తిగా కొట్టేయలేదు. కాలిఫోర్నియాలో అలాంటి మెయిల్ అందుకున్నవాళ్లే కోర్టుకి వెళ్లొచ్చు, ఒక్కోదానికి 1000 డాలర్ల దాకా అడగొచ్చు. వాషింగ్టన్ రాష్ట్ర సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్లో ఇంకో అడుగు ముందుకేసింది. ఇది వ్యాపార ప్రకటన అన్న సంగతిని సబ్జెక్టు లైన్లో దాచితేనే తప్పు కాదు, అందులో ఏ అబద్ధం ఉన్నా తప్పే అని చెప్పింది. "ఈ ఒక్కరోజే" అని రాసి మర్నాడూ అదే డిస్కౌంటు ఇస్తారు చూడండి, ఆ వ్యవహారం మీద వచ్చిన కేసు అది.

అక్షింతలు
"ఈ ఒక్కరోజే" అని మూడు నెలలుగా వస్తున్న మెయిల్ ఒకటి నా దగ్గరుంది. అంత పొడుగు రోజు ఎక్కడుందో చెప్తే అక్కడికే వెళ్లి పెండింగ్ పనులన్నీ చేసుకుంటాను :)

పాతకాపు
నేను అన్నది ఇదే కదా. చట్టం రాశారు, వాడుకునే హక్కు మాత్రం మనకి ఇవ్వలేదు. ఎఫ్‌టీసీ మన ఒక్కడి మెయిల్ కోసం కదులుతుందా?

చిక్కుముడి
ఒక్కడి కోసం కదలదు. కానీ ఫిర్యాదులు గుట్టపడితే కదులుతుంది. 2024 ఆగస్టులో వెర్కాడా అనే సెక్యూరిటీ కెమెరాల కంపెనీ 29.5 లక్షల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. అన్‌సబ్‌స్క్రైబ్ దారి ఇవ్వలేదు, వద్దన్నా ఆపలేదు, అడ్రసు పెట్టలేదు, ఇవీ ఆరోపణలు.

ఆస్ట్రేలియా సంగతి ఇంకా బాగుంటుంది. అక్కడి స్పామ్ చట్టం 2003 నాటిది, వద్దన్న 5 పనిదినాల్లో ఆపాలి. కామన్వెల్త్ బ్యాంకు 2023లో 35.5 లక్షల ఆస్ట్రేలియన్ డాలర్లు కట్టింది. తూనీగ గారూ, ఎందుకో తెలుసా? ఆ మెయిళ్లలో 6 కోట్లకు పైగా, ఆపించుకోవాలంటే లాగిన్ అవ్వమన్నవే. అచ్చం మీ సమస్య. మళ్లీ 2024లో ఇంకో తప్పుకి 75 లక్షలు కట్టింది.

తూనీగ77
లాగిన్ అడిగినందుకు అంత పెద్ద బ్యాంకు కట్టాల్సి వచ్చిందా! నేనేదో చాదస్తంగా ఆలోచిస్తున్నానని ఇంట్లోవాళ్లు అంటున్నారు. ఇది చూపిస్తాను.

కుందేలుచెవులు
కెనడా గురించి ఎవరూ చెప్పలేదు. ఇక్కడ 2014 జులై 1 నుంచి గట్టి చట్టం ఉంది. ముందు సమ్మతి ఉండాలి. ముందే టిక్కు పెట్టిన గడి సమ్మతి కిందకి రాదు. ఏదైనా కొంటే రెండేళ్లపాటు సమ్మతి ఉన్నట్టే లెక్క, ఊరికే ధర అడిగితే ఆరు నెలలు. అంటే దానికీ ఒక కాలపరిమితి ఉంది. ఆ ఆలోచన నాకు చాలా నచ్చింది. ఒకసారి పెన్ను కొన్న పాపానికి జీవితాంతం చుట్టరికం కలుపుకోరు. కంపెనీలకి జరిమానా కోటి డాలర్ల దాకా వేయొచ్చు.

కోర్టుమెట్లు
నిజమే. కానీ దాని రెండో సగం కూడా చెప్పాలి. మామూలు మనుషులు నేరుగా కోర్టుకి వెళ్లే హక్కు 2017 జులై 1న మొదలవ్వాల్సింది. అంతకు కొన్ని వారాల ముందు, జూన్‌లో, ప్రభుత్వం దాన్ని నిలిపేసింది. వ్యాపార సంఘాలు గట్టిగా పట్టుబట్టాయి. నోటిదాకా వచ్చిన ముద్ద జారిపోయింది. దాన్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధే.

చిలకపచ్చ
భారతదేశంలో? ఫోన్లకి డీఎన్‌డీ ఉంది, 1909కి మెసేజ్ పెడితే చాలు. మెయిళ్లకి అలాంటిది ఉందా?

చిక్కుముడి
లేదు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018 నిబంధనలు కాల్స్‌కీ ఎస్ఎంఎస్‌లకీ మాత్రమే. మెయిళ్లు దాని కిందకి రావు.

నిద్రలేనివాడు
66ఏ అని ఒకటుండేది కదా, విసిగించే మెయిళ్ల మీద?

కోర్టుమెట్లు
ఉండేది. ఐటీ చట్టం 66ఏలో చికాకు కలిగించే మెయిల్ అనే మాట ఉండేది. 2015 మార్చి 24న సుప్రీంకోర్టు ఆ సెక్షన్ మొత్తాన్నీ కొట్టేసింది, వాక్‌స్వేచ్ఛని దెబ్బతీస్తోందని. కొట్టేయడం సరైనదే. మనుషులని మాట కోసం జైలుకి పంపే సెక్షన్‌తో స్పామ్‌ని ఆపాలనుకోవడం దోమ కోసం ఇల్లు తగలబెట్టుకోవడమే.

ఇప్పుడున్నది 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం. సమ్మతి స్పష్టంగా, ఒక నిర్దిష్టమైన పనికే ఉండాలి. ఇవ్వడం ఎంత సులువో వెనక్కి తీసుకోవడం అంతే సులువుగా ఉండాలి. ఈ వాక్యం చాలా గొప్పది. ఒక్క టిక్కుతో తీసుకున్న సమ్మతిని తీసేయడానికి పద్నాలుగు గళ్లు పెడితే చెల్లదు. నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, ముఖ్యమైన బాధ్యతలకి 18 నెలల గడువిచ్చారు. జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉండొచ్చు. అది ప్రభుత్వ ఖజానాకి పోతుంది, మనకి పరిహారం ఉండదు.

చిలకపచ్చ
ఆ గడువు అయ్యేదాకా ఊరుకోవాల్సిందేనా?

కోర్టుమెట్లు
ఊరుకోవద్దు. ఇప్పుడే రాతపూర్వకంగా వద్దని చెప్పి తేదీతో దాచుకోండి. చట్టం పూర్తిగా అమల్లోకి వచ్చాక కూడా ముందు కంపెనీకి ఫిర్యాదు చేయాలి, అక్కడ తేలకపోతేనే ఆ చట్టం కింది డేటా రక్షణ బోర్డు దగ్గరికి వెళ్లాలి.

కుట్టుమిషన్
నేను అటువైపు మనిషిని. కుట్టు డిజైన్లు తయారుచేసి ఆన్‌లైన్లో అమ్ముతాను. నా మెయిలింగ్ లిస్టులో దాదాపు 1900 మంది ఉన్నారు. ఇదంతా చదువుతుంటే మెయిల్ పంపే ప్రతివాడూ దొంగే అన్నట్టుంది. మాకు ఉన్నది ఇదొక్కటే. పెద్ద కంపెనీల్లా ప్రకటనలు ఇచ్చుకోలేం. లిస్టులో అందరూ అడిగి చేరినవాళ్లే. కొందరు మెయిల్ ఆలస్యమైతే ఎందుకు రాలేదని అడుగుతారు.

కుందేలుచెవులు
అడిగి చేరితే దానికి ఎవరూ అడ్డు చెప్పరండీ. మీలాంటివాళ్ల మెయిల్ కోసం నేనూ ఎదురుచూస్తాను. గొడవంతా వద్దన్నాక పంపేవాళ్ల గురించే.

కుట్టుమిషన్
అర్థమైంది. అయితే వద్దన్నాక కూడా ఎందుకు వస్తాయో ఒక సంగతి చెప్తాను, నా దగ్గరే జరిగింది. ఒకావిడ అన్‌సబ్‌స్క్రైబ్ చేశారు. మెయిళ్లు పంపే సాఫ్ట్‌వేర్లో ఆవిడ పేరు ఆగిపోయింది. నాలుగు నెలలకి నేను వేరే సాఫ్ట్‌వేర్‌కి మారాను. పాత ఎక్సెల్ షీటు ఎక్కించాను. అందులో ఆవిడ పేరు అలాగే ఉంది. మళ్లీ మెయిల్ వెళ్లింది. ఆవిడ చాలా బాధగా రాశారు. ఫోన్ చేసి క్షమాపణ చెప్పాను. అప్పటినుంచి వద్దన్నవాళ్ల పేర్లు విడిగా ఒక జాబితాలో పెట్టి, ఏది పంపినా ముందు దాంతో సరిచూస్తాను.

అందుకని తూనీగ గారూ, కోపంలో "నా డేటా మొత్తం తుడిచేయండి" అని మాత్రమే రాయకండి. అంతా తుడిచేస్తే మీరు వద్దన్న సంగతి కూడా తుడిచిపెట్టుకుపోతుంది. రేపు ఏదో పాత షీటు నుంచో, ఎవరి దగ్గరో కొన్న లిస్టు నుంచో మీ అడ్రసు మళ్లీ ఎక్కుతుంది.

సర్వర్‌గది
ఈ చర్చలో అన్నిటికంటే పనికొచ్చే మాట ఇదే. నేను చూసిన కేసుల్లో చాలావాటికి కారణం ఇదే. దురుద్దేశం కంటే ఒకదానితో ఒకటి మాట్లాడుకోని నాలుగు సిస్టమ్‌లే ఎక్కువ. ఆర్డర్లది ఒకటి, పాయింట్లది ఒకటి, సర్వేలది ఇంకోటి.

పాతకాపు
అంటే కంపెనీది తప్పు కాదంటారా? "సిస్టమ్ అలా చేసింది" అంటే వదిలేయాలా?

కోర్టుమెట్లు
వదిలేయక్కర్లేదు. సరిగ్గా ఇలాంటి కేసులోనే యూరోపియన్ యూనియన్ కోర్టు 2024 ఏప్రిల్ 11న తీర్పిచ్చింది. జర్మనీలో ఒక లాయరు ప్రచారం వద్దని ఎన్నిసార్లు రాసినా న్యాయ డేటాబేసు నడిపే ఒక కంపెనీ ఆయనకి ప్రచార ఉత్తరాలు పంపుతూనే ఉంది. మా సిబ్బందిలో ఎవరో సూచనలు పాటించలేదు అని ఆ కంపెనీ చెప్పుకుంది. అది చెప్పి తప్పించుకోలేరని కోర్టు తేల్చింది.

అదే తీర్పులో మనకి నచ్చనిది కూడా ఉంది. చట్టం ఉల్లంఘించినంత మాత్రాన పరిహారం రాదు, నష్టం జరిగిందని మనమే చూపించాలి. 2023 మే 4న ఆస్ట్రియా తపాలా సంస్థ కేసులోనూ ఇదే చెప్పింది, అయితే ఆ నష్టం పెద్దదై ఉండాలనే గీత గీయకూడదని కూడా చెప్పింది. డబ్బు నష్టమే కానక్కర్లేదు, మానసికమైనదైనా కావచ్చు. కాబట్టి డబ్బు కోసం అయితే ఆశ తక్కువ పెట్టుకోండి. ఆపించడానికైతే మీ హక్కు గట్టిది.

అక్షింతలు
వద్దన్నవాళ్లకి "మీ వివరాలు సరిచూసుకోండి" అని మెయిల్ పంపితే అది ప్రచారం కిందకి వస్తుందా? నాకు అలాంటివి తెగ వస్తున్నాయి.

కోర్టుమెట్లు
బ్రిటన్లో వస్తుంది. 2017లో అక్కడి సమాచార కమిషనర్ ఫ్లైబీ విమాన కంపెనీకి 70 వేల పౌండ్లు జరిమానా వేశారు. వద్దన్న 33 లక్షల మందికి మీ వివరాలు సరిగ్గా ఉన్నాయా అని మెయిల్ పంపినందుకు. హోండాకి 13 వేల పౌండ్లు, మెయిళ్లు పంపమంటారా అని అడుగుతూ మెయిల్ పంపినందుకు. సమ్మతి అడిగే మెయిలుకి కూడా సమ్మతి ఉండాలి. వినడానికి వింతగా ఉన్నా, ఆలోచిస్తే అదే సబబు.

మూడుపిట్టలు
అందరూ ఒక కంపెనీ గురించే మాట్లాడుతున్నారు. నా బాధ వేరు. నేను ఒక్కచోట ఇచ్చిన ఐడీ పదిచోట్లకి పాకింది. దాన్ని ఎవరు అమ్మారో ఎలా తెలుస్తుంది?

వేపచెట్టు
మా అమ్మాయి చిట్కా చెప్తాను. ఫారంలో పేరు దగ్గర మా పిల్లి పేరు రాసింది. రెండు నెలలకి ఎప్పుడూ వినని ఇంకో కంపెనీ నుంచి "ప్రియమైన బుజ్జమ్మ గారికి" అని మెయిల్ వచ్చింది. బుజ్జమ్మకి ఆన్‌లైన్ షాపింగ్ అలవాటు లేదు కాబట్టి ఎవరు ఇచ్చారో తెలిసిపోయింది :)

సర్వర్‌గది
బుజ్జమ్మ గారికి నా నమస్కారాలు. పేరు మార్చడం ఇష్టం లేనివాళ్లకి ఇంకో దారి ఉంది. జీమెయిల్ లాంటివాటిలో మీ ఐడీ పేరు తర్వాత ప్లస్ గుర్తు పెట్టి ఏ మాటైనా చేర్చొచ్చు, మెయిల్ మీకే వస్తుంది. ఒక్కో కంపెనీకి ఒక్కో మాట చేర్చి ఇవ్వండి. లీకైతే ఏ మాటతో వచ్చిందో చూస్తే చాలు. కొన్ని వెబ్‌సైట్లు ప్లస్ గుర్తుని ఒప్పుకోవు, తెలివైన స్పామర్లు దాన్ని కత్తిరించేస్తారు కూడా.

కోర్టుమెట్లు
యూరప్‌లో అయితే ఇంత డిటెక్టివ్ పని అక్కర్లేదు. జీడీపీఆర్ 15వ అధికరణం కింద నేరుగా అడగొచ్చు. నా గురించి మీ దగ్గర ఏముంది, ఎక్కడినుంచి వచ్చింది, ఎవరికిచ్చారు అని. మామూలుగా నెలలోపు జవాబివ్వాలి, చిక్కైన కేసయితే ఇంకో రెండు నెలలు పొడిగించుకోవచ్చు, ఆ సంగతి కూడా మొదటి నెలలోనే చెప్పాలి. డబ్బు తీసుకోకూడదు.

మూడుపిట్టలు
అందరికీ కలిపి ఒకే జాబితా పెడితే పోదా? ఫోన్లకి ఉన్నట్టు "నాకు మెయిళ్లు వద్దు" అని దేశమంతటికీ ఒక రిజిస్టరు.

సర్వర్‌గది
అమెరికా కాంగ్రెస్ ఆ ప్రణాళిక చూడమని ఎఫ్‌టీసీని అడిగింది. 2004 జూన్‌లో ఎఫ్‌టీసీ వద్దని చెప్పింది. పంపేవాళ్లు నిజంగా ఎవరో రుజువు చేసుకునే పద్ధతి లేనప్పుడు ఆ జాబితా స్పామర్లకి నికార్సైన అడ్రసుల పుస్తకం అవుతుందని. దొంగ చేతికి తాళాలివ్వడమే.

తూనీగ77
ఇప్పుడు నాకు ఒక దారి కనిపిస్తోంది. ఉత్తరం ఎలా రాయాలో ఎవరైనా చెప్తారా? లాయరు భాష నాకు రాదు.

కోర్టుమెట్లు
లాయరు భాష అక్కర్లేదు. ఇలా రాయండి, కంపెనీ ప్రైవసీ పేజీలో డేటా రక్షణ అధికారి మెయిల్ ఉంటుంది, దానికే పంపండి. కస్టమర్ కేర్‌కి కాదు.

"నా మెయిల్ ఐడీ ఇది. ఫలానా తేదీన ప్రచార మెయిళ్లు వద్దని చెప్పాను, అందిందని మీరు అదే రోజు జవాబిచ్చారు, ప్రతి జతచేశాను. ఆ తర్వాత కూడా ఫలానా ఫలానా తేదీల్లో ఇన్ని మెయిళ్లు వచ్చాయి. జీడీపీఆర్ 21వ అధికరణం కింద నా డేటాని ప్రచారానికి వాడడానికి మళ్లీ అభ్యంతరం చెప్తున్నాను. మీ అన్ని విభాగాలకీ, మీ తరఫున పంపేవాళ్లకీ ఇది వర్తిస్తుంది. ఇకపై పంపకుండా ఉండేందుకు నా అడ్రసుని వద్దన్నవాళ్ల జాబితాలో మాత్రం ఉంచండి. 15వ అధికరణం కింద నా గురించి మీ దగ్గరున్న డేటా, అది వచ్చిన చోటు, ఎవరెవరికి ఇచ్చారో తెలియజేయండి. నెలలోపు జవాబు రాకపోతే డేటా రక్షణ సంస్థకి ఫిర్యాదు చేస్తాను."

అంతే. తిట్లు వద్దు, మీ బాధ కథగా వద్దు. తేదీలే మాట్లాడాలి. గుర్తింపు కార్డు కాపీ అడిగితే వెంటనే ఇచ్చేయకండి. మెయిళ్లు వచ్చే ఐడీ నుంచే రాస్తున్నారు, ఆపమనడానికి అంతకు మించి రుజువు ఎందుకు కావాలో అడగండి.

కుట్టుమిషన్
వద్దన్నవాళ్ల జాబితా మాట చేర్చినందుకు థాంక్స్.

పాతకాపు
జవాబు వస్తే ఇక్కడ చెప్పండి. రాదనే నా అంచనా, కానీ నా అంచనా తప్పయితే సంతోషిస్తాను.

తూనీగ77
ఆరు వారాలైంది, జవాబు వస్తే చెప్పమన్నారు కదా. పంపిన 24వ రోజున జవాబు వచ్చింది, తొమ్మిది పేజీలు. నా ఐడీ నాలుగు వేర్వేరు చోట్ల ఉందట, ఆర్డర్లు, వారంటీ, సర్వే, పాయింట్ల పథకం. నేను అన్‌సబ్‌స్క్రైబ్ చేసింది మొదటిదానిలో మాత్రమే నమోదైంది. సర్వర్‌గది గారూ, కుట్టుమిషన్ గారూ చెప్పింది అక్షరాలా నిజం. పాయింట్ల పథకంలో నేను ఎప్పుడూ చేరలేదు, కొన్నప్పుడు వాళ్లే చేర్చారు. మూడు భాగస్వామ్య కంపెనీలకి నా ఐడీ ఇచ్చారు, పేర్లతో సహా రాశారు.

ఆ రోజు నుంచి వాళ్ల మెయిల్ ఒక్కటి కూడా లేదు. భాగస్వాములు ముగ్గురికీ అదే ఉత్తరం పంపాను. ఇద్దరు ఆపేశారు. మూడోవాళ్లు జవాబివ్వలేదు, నిన్న కూడా పంపారు.

నాన్నగారు ఇంటికొచ్చేశారు. ఇప్పుడు ఫోన్ మోగితే ఉలిక్కిపడడం లేదు.

కుందేలుచెవులు
ఆ చివరి మాట చదివి ప్రాణం లేచొచ్చింది.

పాతకాపు
నా అంచనా తప్పింది, సంతోషం. నా దగ్గర కూడా ఒక కంపెనీ ఉంది, ఇవాళే రాస్తాను. ఆ మూడోవాళ్ల మీద ఫిర్యాదు చేస్తారా?

తూనీగ77
చేస్తాను. ఫారం సగం నింపాను. మెయిళ్లు ఫార్వర్డ్ చేయాలా, స్క్రీన్‌షాట్లు చాలా?

సర్వర్‌గది
రెండూ వద్దు. ఫార్వర్డ్ చేస్తే అసలు హెడర్లు పోతాయి, స్క్రీన్‌షాట్‌లో అవి కనబడవు. మెయిల్ తెరిచి పక్కన మూడు చుక్కలు నొక్కితే "ఒరిజినల్ చూపించు" అని వస్తుంది, అక్కడినుంచి ఈఎంఎల్ ఫైలుగా డౌన్‌లోడ్ చేసి అదే జతచేయండి. ఏ సర్వర్ నుంచి ఏ నిమిషానికి బయల్దేరిందో అందులో ఉంటుంది. నిన్నటిది ముందు దించుకోండి.

తూనీగ77
దించాను. ఫైలు పేరులో తేదీ కూడా పెట్టాను.